నిశ్శబ్దం బోర్డు వెనక అత్త గొంతు

నాకు నోరెక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రి ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌లో నర్సుగా చేరి, అక్కడే హెడ్ నర్సునై, అక్కడే మెడలో పూలదండ వేయించుకుని ఇంటికొచ్చిన దాన్ని. అన్నేళ్లూ మా యూనిట్ తలుపు మీద ‘నిశ్శబ్దం’ అని ఎర్రక్షరాల బోర్డు వేలాడుతూ ఉండేది. ఆ బోర్డు ఎవరి కోసమో గానీ మా మేడం కోసం మాత్రం కాదని జూనియర్లు నవ్వుకునేవాళ్లు. “మీ యూనిట్ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదమ్మా, మీ గొంతు వింటూ వస్తే చాలు” అన్నారు ఒకసారి మా సూపరింటెండెంట్ గారు. మెచ్చుకున్నారో చీవాట్లు పెట్టారో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఈమధ్య నర్సింగ్ చదివే పిల్లలతో మాట్లాడమని పిలుస్తున్నారు. అందరూ ఒకటే అడుగుతారు, మరచిపోలేని కేసు ఏదైనా చెప్పండి మేడం అని. ఆఖరి నిమిషంలో గుండె మళ్లీ కొట్టుకోవడం, అందరూ చప్పట్లు కొట్టడం లాంటిది చెబుతాననుకుంటారు. నేను చెప్పేది ఒక అత్తగారి తిట్ల గురించి. మొదట్లో పిల్లలు కిసుక్కుమంటారు. తర్వాత ఎవరూ నవ్వరు.

కట్లపాము గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ కథ మీకు పట్టుబడదు. అది కరిస్తే పెద్దగా నొప్పి ఉండదు. చాలాసార్లు కాటు గుర్తు కూడా కనపడదు. నేల మీద చాప వేసుకుని పడుకున్న మనిషికి తెలియను కూడా తెలియదు. పొద్దున్నే కడుపులో నొప్పి అంటారు, కళ్లు మూతలు పడుతున్నాయంటారు, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి ఆగుతుంది. ఆ విషం కండరాలకు నరాల నుంచి అందాల్సిన కబురును ఆపేస్తుంది. రెప్ప ఎత్తలేరు, వేలు కదపలేరు. కళ్లలోకి టార్చి వేసినా కంటిపాప కదలదు. చూసేవాళ్లకు ప్రాణం పోయిన మనిషే. కానీ మెదడును ఆ విషం ముట్టుకోదు. లోపల మనిషి మెలకువగా ఉంటుంది, వింటుంది, నొప్పి తెలుస్తుంది. వెంటిలేటర్ మీద ఊపిరి అందిస్తూ ఓపిక పడితే, విషం ప్రభావం తగ్గాక మెల్లమెల్లగా లేచి కూర్చుంటుంది. ఓపిక పట్టడమే వైద్యంలో పెద్ద భాగం. ఆ ఓపిక మాకుంటే సరిపోదు, మంచం పక్కన నిలబడేవాళ్లకూ ఉండాలి.

ఆ అమ్మాయిది పాకాల దగ్గర ఒక పల్లె. పెళ్లయి కొన్నేళ్లయింది, పిల్లలింకా లేరు. భర్త మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. మామ ఎప్పుడో పోయాడు. ఇంట్లో అత్త, ఒక జెర్సీ ఆవు. ఆ పొద్దున అమ్మాయి కడుపునొప్పితో లేచింది. రాత్రి సంగటిలోకి నంజుకున్న ఊరిబిండి పచ్చడి పడలేదేమో అనుకుంది. పాల కేంద్రం వాళ్లు కాచుకుని ఉండరు కదా, రోజూ లాగే భర్త పాత ఫుల్‌చేతుల చొక్కా చీర మీద తొడుక్కుని పాలు పిండడానికి కూర్చుంది. ఒక ఆవు రెండు ఆవుల్లా కనిపించిందట. అక్కడే పక్కకి ఒరిగిపోయింది.

దారిలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో గొంతులో గొట్టం వేసి, చేతితో బ్యాగు నొక్కుతూ మా దగ్గరికి పంపారు. ఆ పని చేసినందుకు వాళ్లకు దణ్ణం పెట్టాలి, లేకపోతే ఈ కథే లేదు. కానీ అక్కడే ఎవరో భర్త చేతులు పట్టుకుని “మెదడు పోయినట్టుందయ్యా, కంటిపాపలు కూడా కదలడం లేదు” అన్నారట. అనడం వాళ్ల జాలి కొద్దీ అన్నదే. కానీ మొదట విన్న మాట మనసులో నాటుకుపోతుంది. ఇంటి దగ్గర చాప ఎత్తితే కట్లపాము కనపడిందని ఫోన్ వచ్చేసరికి ఆ అమ్మాయి మా మంచం మీద ఉంది. పేడ వాసన, పాల వాసన కలిసిన ఆ చొక్కా విప్పి సంచిలో పెట్టి నేనే భర్త చేతికిచ్చాను.

మా పెద్ద డాక్టరు గారు చాలా మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన్నీ నన్నూ కలిపి చెరి సగం చేస్తే ఇద్దరు మామూలు మనుషులొస్తారని యూనిట్‌లో ఒక మాట ఉండేది. విషానికి విరుగుడు మందు ఎక్కించాక ఆయన మమ్మల్నందరినీ మంచానికి దూరంగా పిలిచి చెప్పారు. “ఈ అమ్మాయి ఎక్కడికీ పోలేదు. బయట తాళం వేసిన ఇంట్లో కూర్చుని ఉంది. మనం మాట్లాడేది వింటుంది. జాగ్రత్త.”

మేం సరేనన్నాం. సరేననడం తేలిక. మూసుకున్న కళ్లు, కదలని ముఖం, మిషన్ చప్పుడుకి లేచి పడే ఛాతీ, రోజూ ఇదే చూస్తుంటే మన నోరు మన మాట వినదు. ఆ మంచానికి అటూ ఇటూ నిలబడి మా వాళ్లు చీరల గురించి, సెలవుల గురించి, పెళ్లి సంబంధాల గురించి మాట్లాడుకునేవాళ్లు. నేను కేకలేస్తే కాసేపు ఆగేవాళ్లు. అప్పటి మా పీజీ డాక్టరు గుంటూరు వైపు అబ్బాయి, తెలివైనవాడు. వాడు కూడా ఒకసారి ఆ మంచం దగ్గరే ఎవరితోనో “లాభం లేదనిపిస్తోందండి” అన్నాడు.

బంధువుల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. మధ్యాహ్నం చూడనిచ్చే వేళకి ఒక్కొక్కరూ వచ్చి, కాళ్ల దగ్గర నిలబడి, కళ్లు ఒత్తుకుని వెళ్లిపోయేవాళ్లు. “ఏమైనా మాట్లాడండయ్యా, ఆమెకు వినపడుతుంది” అని నేను భర్తను ఎంత పోరినా, ఆ అబ్బాయి తల వంచుకుని “ఏం మాట్లాడేది సిస్టరమ్మా, దానికి యాడ యినిపిస్తాది” అనేవాడు. రాత్రీ పగలూ బయట వరండాలోనే ఉండేవాడు. ఆ చొక్కా సంచే తల కింద దిండు.

ఆసుపత్రిలో చేర్చిన మర్నాడే అత్త వచ్చింది. సన్నటి మనిషి, మోకాలికి గుడ్డ కట్టుకుని కుంటుతోంది. అందరిలా కాళ్ల దగ్గర ఆగలేదు. నేరుగా తల దగ్గరికి పోయి నిలబడింది.

“ఏమే! నన్ను మంచాన పండబెట్టి సూసుకోవాల్సిన దానివి, నువ్వే ఎక్కి పండుకుంటివే! లెయ్యి! నీ ఆవు నన్ను తన్నింది. మోకాలు ఎట్ట వాసిందో సూడు. బకెట్టు బోర్లా పడి పాలన్నీ పేడలో కలిసిపాయ. దానికి ఏం పెడతా ఉంటివే? ఏం సెప్పి పిండతా ఉంటివే? నీకైతే దేవతమాదిరి నిలబడతాది, నేను పోతే రాచ్చసి! ఆ కత ఏందో సెప్పి పండుకోవచ్చు గదే!”

యూనిట్ అంతా ఇటు తిరిగింది. నేను పరుగున పోయి తలుపు మీది బోర్డు చూపించాను. “అమ్మా, మెల్లగా మాట్లాడాల ఇక్కడ.”

“నాకు మెల్లగా రాదమ్మా” అంది ఆవిడ.

నాకూ రాదని ఆవిడకు చెప్పలేను కదా. నవ్వు ఆపుకుని పక్కకి పోయాను.

ఆ రోజు నుంచి ఆవిడ రావడం, తిట్టడం, పోవడం. తెల్లారే ఆవుతో కుస్తీ పట్టి, బస్సెక్కి, చూడనిచ్చే వేళకి తలుపు దగ్గరుండేది. సాయంత్రం పాల వేళకి మళ్లీ ఊళ్లో ఉండాలి. ఆవు ఆ పూట ఎక్కడ తన్నింది, ఎన్ని పాలిచ్చింది, పాల కేంద్రం అబ్బాయి ఏమని ఎగతాళి చేశాడు, అన్నీ కోడలికి గట్టిగా అప్పజెప్పేది. చివర ప్రతిసారీ అదే అడిగేది, దానికి ఏం పెడతా ఉంటివే అని. పక్క మంచాలవాళ్ల బంధువులు కూడా ఆవు క్షేమం అడగడం మొదలుపెట్టారు.

అప్పట్లో నాకు కుడిభుజంగా ఒక జూనియర్ సిస్టర్ ఉండేది. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఊరి అమ్మాయి. పని మహా చురుకు. ఆ అమ్మాయి ఒకరోజు ముఖం చిట్లించుకుని వచ్చింది.

“మేడం, ఆయమ్మ లోపలికి వచ్చిందంటే చాలు, ఆ మంచం అలారం కొట్టుకుంటా ఉండాది. నేను ఆపడం, అది మళ్లీ మోగడం. చేతులు పడిపోతా ఉండాయి.”

ఇంటెన్సివ్ కేర్‌లో ఎప్పుడూ ఏదో ఒక అలారం మోగుతూనే ఉంటుంది. సెన్సర్ వేలి నుంచి జారితే మోగుతుంది, పేషెంటు దగ్గితే మోగుతుంది, ఏమీ లేకపోయినా మోగుతుంది. కొన్నాళ్లకు చెయ్యి దానంతటదే పోయి బటన్ నొక్కేస్తుంది. ఎందుకు మోగిందో చూసే ఓపిక ముందు చచ్చిపోతుంది. ఇప్పుడు ప్రతి మంచానికీ ఇంకా ఎక్కువ మానిటర్లు వచ్చాయి కాబట్టి ఇప్పటి నర్సులకు ఈ బాధ మాకన్నా ఎక్కువ.

పీజీ అబ్బాయి మానిటర్ తెర మీద పాత అంకెలు వెనక్కి జరిపి చూశాడు. నిజమే, ఆవిడ వచ్చే వేళకే నాడి పెరుగుతోంది, వెళ్లాక దిగుతోంది. “ఆవిడ గోలకి పేషెంట్ ఇబ్బంది పడుతోందండి. ఇవాళ్టి నుంచి ఆవిడ్ని లోపలికి పంపకండి” అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. ఆ కబురు చెప్పడానికి వరండాలోకి వెళ్లాను.

ఆవిడ గోడకి ఆనుకుని డబ్బాలోని సంగటి తింటోంది. పక్కన కొడుకు. నేను మర్యాదగానే మొదలుపెట్టాను. “అమ్మా, ఏమనుకోవద్దు. నువ్వొచ్చి అరుస్తుంటే నీ కోడలి గుండె దడదడ కొట్టుకుంటా ఉంది. డాక్టరుగారు నిన్ను లోపలికి రావద్దన్నారు.”

ఆవిడ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. నన్ను చూసింది.

“అంటే సిస్టరమ్మా, నా మాట దానికి యినిపిస్తా ఉండాదా?”

నా సర్వీసులో ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి వింటుందని అందరికీ చెప్పింది మేమే. ఇప్పుడు ఆమె వింటున్నట్టు నాడి చెబుతుంటే, అత్తది గోల అని ఆవిడను బయటికి నెడుతున్నదీ మేమే. వెనక్కి తిరిగి పెద్ద డాక్టరు గారి గదిలోకి దాదాపు పరిగెత్తాను.

ఆయన అంతా విన్నారు. పీజీ అబ్బాయి తగ్గలేదు. “కట్లపాము విషానికి నాడి దానంతటదే పెరుగుతుంది, తగ్గుతుంది సార్. ఇది కాకతాళీయం కావచ్చు” అన్నాడు. తప్పు మాటేం కాదది, పుస్తకంలో ఉన్నదే. “కావచ్చు” అన్నారు పెద్ద డాక్టరు గారు, “ఆవిడ్ని రానివ్వండి. చూద్దాం.”

చూసే వ్యవధి మాకు దొరకలేదు. మర్నాడే వాళ్ల ఇంటి పెద్దాయన బండి మాట్లాడుకుని వచ్చాడు. ఆ భర్తకు పెదనాయన, అత్తకు బావ. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, వరండాలో మా పెద్ద డాక్టరు గారి ముందు నిలబడ్డాడు. గొంతులో కోపం లేదు.

“సార్, మీరు సేసింది సాలు. బిడ్డను ఇంటికి తీసకపోతాం.”

“ఆ అమ్మాయి బతుకుతుందయ్యా. కొంచెం ఓపిక పట్టండి.”

“నా తమ్ముడికీ, ఈ పిల్లోడి నాయనకీ ఇదే మాట సెప్పినారు సార్. బండి గుద్దితే వాణ్ణి ఇట్లాగే మిషన్ మీద పెట్టినారు. ఆకరికి కోసి, గుడ్డలో సుట్టి నా సేతికిచ్చినారు. ఆ మూట ఒళ్లో పెట్టుకోని ఊరికి పోయినా నేను. ఈ బిడ్డను గూడా అట్ట తీసకపోలేను. కండ్లు కదలకపోతే మెదడు పోయినట్టేనని ఆడ సెప్పినారంట. ఊపిరి ఉండంగానే ఇంటికి సేర్సనీండి.”

పాము కాటుతో ఆసుపత్రిలో పోతే పోస్ట్‌మార్టం తప్పదు. మా పక్క ఎన్నో కుటుంబాలు ఈ ఒక్క భయంతోనే మనుషుల్ని చివరి గడియల్లో ఇళ్లకు తీసుకుపోతాయి. ఆయన్ను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఆయనకు ఆ పిల్ల మీద ప్రేమ లేదనడానికి లేదు. కానీ గొట్టం తీస్తే ఏమవుతుందో మాకు తెలుసు. ఆ బండి ఊరి దారి పట్టకముందే, అన్నీ వింటూ, అన్నీ తెలుస్తూ, ఊపిరాడక ఆ అమ్మాయి చచ్చిపోతుంది. బయట ఒక్కరికీ అది తెలియదు. భర్త సంచి గుండెలకు హత్తుకుని నేల చూస్తున్నాడు. పెదనాయన ముందు ఆ అబ్బాయి నోరు లేవదు.

మెదడు తరంగాలు చూసే యంత్రం అప్పుడు మరమ్మతులో ఉంది. ఉన్నా, కాగితం మీది గీతలు చూసి నమ్మే స్థితిలో ఆ పెద్దాయన లేడు. మా డాక్టరు గారు రెండు చేతులూ జోడించారు. “ఒక్కసారి లోపలికి రండి. మీ కళ్లతో చూడండి. తర్వాత మీ ఇష్టం. లోపల మాత్రం తీసుకుపోయే మాట ఎత్తకండి.”

అందరం మంచం చుట్టూ నిలబడ్డాం. డాక్టరు గారు పెద్దాయనకు తెర చూపించారు, ఈ అంకె ఆమె గుండె అని. ముందు భర్తను మాట్లాడమన్నారు. ఆ అబ్బాయి ఆమె పేరు పిలిచి ఏడ్చాడు. అంకె కదలలేదు. తర్వాత అత్త వైపు తిరిగి, “అమ్మా, రోజూ తిట్టినట్టు తిట్టండి” అన్నారు.

జీవితంలో మొదటిసారి ఆవిడకు నోరు పెగల్లేదు. ఇంతమంది డాక్టర్లు, ఎదురుగా బావ, ఇప్పుడు తిట్టు అంటే ఎవరికి మాత్రం తిట్టొస్తుంది? కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వంగి, కోడలి నుదురు నిమిరింది. “నా బంగారూ, నా తల్లీ, కండ్లు తెరువు నాయనా” అంది సన్నటి గొంతుతో.

అంకె కదలలేదు. పీజీ అబ్బాయి నా వైపు చూశాడు. వెంకటేశ్వర స్వామికి ఆ క్షణంలో ఏమేం మొక్కానో నాకే గుర్తులేదు.

పెద్దాయన తలగుడ్డ చుట్టుకున్నాడు. “సాలు సార్” అని తలుపు వైపు అడుగు వేశాడు.

అప్పుడు ఆవిడకు వచ్చింది కోపం. బావ మీదా, దేవుడి మీదా, కోడలి మీదా ఎవరి మీద వచ్చిందో గానీ ఒక్కసారిగా వచ్చింది.

“ఏమే! మొండిదానా! ఇంతమందిని నిలబెట్టి ఉలకవు పలకవు! పొద్దన అది మళ్లా తన్నిందే నన్ను! దాని పొదుగు రాయిమాదిరి అయిపోయి, అది అంబా అంటా నీ కోసం దారి సూస్తా ఉండాది. మూగజీవిని ఏడిపిచ్చి నువ్వు ఈడ పండుకుంటివి! దానికి ఏం పెడతా ఉంటివో సెప్పు ముందు! సెప్పకుండా పోయినావంటే నీ అంతు సూస్తా!”

అంకె కదిలింది. ఒకటొకటిగా కాదు, ఎగబాకింది. తొంభైల్లో ఉన్నది నూరు దాటింది, నూట పది దాటింది, ఇంకా పైకి పోతోంది. అలారం మోగింది. పులికాట్ అమ్మాయి చెయ్యి అలవాటుగా బటన్ మీదికి పోయి, దాన్ని తాకకుండా ఆగింది. ఆ పీపీ చప్పుడు మోగుతూనే ఉంది. దాన్ని ఆపాలని మాలో ఒక్కరికీ అనిపించలేదు.

పెద్దాయన తలుపు దగ్గరే తిరిగి నిలబడ్డాడు. తెరను చూశాడు, మరదలిని చూశాడు, మంచం మీది ముఖాన్ని చూశాడు. మెల్లగా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ అమ్మాయి చెవి దగ్గరికి వంగాడు.

“అమ్మాయీ, నేను పెద్దమామను. భయపడొద్దు. ఈడే ఉందువుగానీ. నిన్ను యాడికీ తీసకపోను.”

ఆయన ఆ మాట రెండుసార్లు చెప్పాడు. ఎక్కిన అంకె నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. ఆయన అది చూసి, తలగుడ్డలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. పెద్ద డాక్టరు గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, “నువ్వన్నది కాకతాళీయమేనా?” అని పీజీ అబ్బాయిని అడిగారు. వాడు నవ్వి, ఆ అంకెనూ వేళనూ కేస్ షీట్‌లో రాసుకున్నాడు.

ఆ తర్వాత మా యూనిట్ మారిపోయింది. ఏ పని చేసినా ముందు ఆ అమ్మాయికి చెప్పి చేశాం. ఇప్పుడు గొంతులో కఫం తీస్తాం, కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, ఓర్చుకో అని. ఇప్పుడు పక్కకి తిప్పుతాం అని. ఇప్పుడు పొద్దున, ఇది మంగళవారం, బయట వాన పడుతోంది అని. అత్తకు చూడనిచ్చే వేళలు ఎత్తేశాం. ఆవిడ ఎప్పుడొస్తే అప్పుడు లోపలికి. ఒక పొద్దున కాలి బొటనవేలు కదిలింది. తర్వాత చేతి వేళ్లు. తర్వాత కుడికన్ను కొంచెం తెరుచుకుని, ఎదురుగా ఉన్న నన్ను చూసింది. ఆ చూపుకి నేను చేసిన ఉద్యోగమంతా చెల్లు అనిపించింది.

గొట్టం తీసే రోజు అత్తను మంచం పక్కనే నిలబెట్టాం. తీశాం, దగ్గింది, ఊపిరి సొంతంగా పీల్చుకుంది. మేమంతా ఆమె మొదట ఏమంటుందా అని వంగి నిలబడ్డాం. పెదాలు కదిలించి, గరగరమనే గొంతుతో అత్త వైపు చూసి అంది.

“సొక్కా... సొక్కా తొడుక్కో అత్తా.”

మతి చలించిందేమోనని పీజీ అబ్బాయి కంగారుపడ్డాడు. అత్త మాత్రం నేల మీద చతికిలబడి నెత్తి కొట్టుకుంది. రోజూ భర్త చొక్కా తొడుక్కుని పాలు పిండిన మనిషి ఆమె. ఆవుకు తెలిసింది ఆ చొక్కా వాసనే. దానికి ప్రత్యేకంగా పెట్టేదీ లేదు, చెప్పేదీ లేదు. అత్త రోజూ అడిగిన దానికి జవాబు ఆమె దగ్గర మొదటి రోజు నుంచీ ఉంది. చెప్పడానికి నోరే లేదు. ఆ చొక్కా ఇన్నాళ్లూ వరండాలో భర్త తల కింద ఉంది. ఆ సాయంత్రమే అత్త ఆ సంచి పట్టుకుని ఊరికి పోయింది. మర్నాడు వచ్చి, తలుపు దగ్గర నుంచే “తన్నలే! తన్నలేదే!” అని అరిచింది. ఎవరూ బోర్డు చూపించలేదు.

మాట బాగా వచ్చాక ఆ అమ్మాయి ఒక్కొక్కరి లెక్కా తేల్చింది. పులికాట్ అమ్మాయిని “మీ సెల్లెలి పెండ్లి కుదిరిందా అక్కా?” అని అడిగేసరికి ఆ పిల్ల ట్రే పడేసింది. పీజీ అబ్బాయిని చూసి, “ఈ సారు మంచోడే, గానీ నా ఎదురుగానే లాభం లేదు అనినాడు” అంది నవ్వుతూ. వాడు చేతులు జోడించాడు. మరి ఆ రోజు అత్త బంగారూ అని అంత ప్రేమగా పిలిస్తే నీ గుండె ఎందుకు పలకలేదని నేను అడిగాను.

“కునుకు పట్టింటాది సిస్టరమ్మా. బంగారూ అని యినిపిస్తే, పక్క మంచం ఆమెను ఎవురో పలకరిస్తా ఉండారు అనుకుంటి. మా అత్త నన్ను ఎప్పుడన్నా అట్ట పిలిసిందా?”

నవ్వి నవ్వి అందరికీ కళ్లనీళ్లొచ్చాయి. నవ్వు ఆగాక నేను అడిగాను, అన్ని రోజులు ఆ చీకట్లో ఉండి, పైనుంచి ఆ తిట్లు వింటుంటే బాధగా లేదా తల్లీ అని.

“అందరూ వచ్చి ఏడ్సి పోతా ఉంటే, నేను సచ్చిపోయినానేమో అనుకుంటి సిస్టరమ్మా. నిజంగా అనుకుంటి. అత్త వచ్చి తిడతానే పానం లేసొచ్చేది. సచ్చినోళ్లను ఎవురూ తిట్టరు గదా.”

ఆ పీజీ అబ్బాయి ఇప్పుడు ఒక ఊళ్లో పెద్ద ఇంటెన్సివ్ కేర్ నడుపుతున్నాడు. నేను రిటైరైన రోజు ఫోన్ చేసి, “మా యూనిట్ తలుపు మీద బోర్డు తీయించేశానండి మేడం” అన్నాడు. ఇప్పుడు కొత్త పద్ధతుల్లో ఇంటివాళ్లను మంచం దగ్గరికి రానివ్వాలనీ, పేషెంటుతో మాట్లాడుతూ ఉండాలనీ పాఠాల్లోనే చెబుతున్నారట. సంతోషం. మాకైతే ఆ పాఠం పాకాల బస్సు దిగి కుంటుకుంటూ వచ్చింది. నా నోటిని భరించిన ఆ ఆసుపత్రికి, చేతులు జోడించి గడువు అడిగిన మా డాక్టరు గారికి, మనసు మార్చుకోవడానికి సిగ్గుపడని ఆ పెద్దాయనకు, అందరికీ నేను రుణపడే ఉన్నాను. అందరికన్నా ఎక్కువ ఆ అత్తకు.

ఇంటికి పంపిన రోజు నేను వాళ్లతో మెట్ల దాకా వెళ్లాను. అమ్మాయి ఒక చేత్తో భర్తను, ఒక చేత్తో అత్తను పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది. “కాలు సూసి పెట్టవే, కండ్లు వచ్చినాయి గదా!” అంటోంది అత్త. “పెడతా ఉండాను గదా, అరస్తావేంది!” అని కోడలు మొదటిసారి ఎదురు చెప్పింది. ఇద్దరూ అలా వాదులాడుకుంటూ గేటు దాటారు. ఆ గొంతులు వినపడినంతసేపూ నేను అక్కడే నిలబడి విన్నాను.